వెళ్తానన్న మాట

డాక్టరు గారు పోయారని విన్నప్పుడు నా నోట వచ్చిన మొదటి మాట "అమ్మయ్య".

అనాల్సింది "అయ్యయ్యో" అని నాకు తెలుసు. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా. బయటపడేటప్పటికి ఇంకొకటైంది. పాఠకులు నన్ను ఏమనుకున్నా సరే, ఈ సంగతి దాచలేను. నోరు జారిన మాటల్ని ఏరి జాగ్రత్తగా రాసిపెట్టుకున్న మనిషి గురించి రాస్తూ, నా నోరు జారిన మాటను నేనే మింగేస్తే ఆయన వేలెత్తి ఆపుతారు. పోయిన తరవాత కూడా ఆపుతారనే నా భయం.

అప్పుడు నేను శృంగవరపుకోటలో మా మామగారింట్లో ఉన్నాను. మా ఆవిడ పురిటికని అరకు లోయలోని మా ఊరి నుంచి కొండ దిగి వచ్చి పంతొమ్మిది రోజులైంది. పొద్దున్నే మా ఊరి ఆసుపత్రి కాంపౌండరు వచ్చి అరుగు మీద కూలబడ్డాడు. రెండు రోజులు బండిలో ఘాటీ దిగిన మనిషి, మొహమంతా ఎర్రదుమ్ము. చెంబెడు నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని చెప్పాడు.

"పోయారండి డాక్టరు గారు. అటుమొన్న పొద్దున్న."

"అమ్మయ్య" అన్నాను.

గుమ్మంలో నిలబడ్డ మా ఆవిడ పసిదాన్ని భుజం మార్చుకుంది. "ఏటండీ, అలాగన్నారేటి?"

కాంపౌండరు విననట్టు చెంబులోకి చూశాడు. తరవాత సంచిలోంచి మైనపు గుడ్డలో చుట్టిన పొట్లం ఒకటి తీసి నా ముందు పెట్టాడు. "మీకిమ్మన్నారండి. ఇంకెవరికీ ఇవ్వొద్దన్నారు" అన్నాడు. చావు కబురు తెచ్చినవాడు వెళ్ళొస్తానని చెప్పకూడదు కనక, చెప్పకుండానే లేచి, పై అధికారులకు సంగతి చెప్పడానికి వెళ్ళిపోయాడు. పొట్లం తడమగానే అదేమిటో నాకు తెలిసింది. ఆయన తప్పుల పుస్తకం. నేను దాన్ని విప్పలేదు. మంచం కింద, ఎప్పుడో కొండెక్కి ఉండాల్సిన క్వినైను పెట్టె పక్కన పెట్టేశాను.

ఆయనతో నా పరిచయం జ్వరంతో మొదలైంది. మన్యానికి వచ్చిన దిగువవాళ్ళకు డాక్టరుతో పరిచయం ఇంకెలా అవుతుంది? నేను బడిపంతులుగా ఆ ఊరు చేరిన మూడో వారమే చలిజ్వరం తగులుకుంది. నాకు ముందున్న పంతులు అదే జ్వరంతో, అదే ఇంట్లో, అదే మంచం మీద పోయాడని ఊళ్ళో అడుగుపెట్టిన రోజునే ఎవరో పుణ్యాత్ముడు చెప్పాడు. నేను పుట్టు భయస్తుణ్ణి. ఒంట్లో బాగున్నప్పుడు కూడా రోజుకు నాలుగుసార్లు నా నాడి నేనే పట్టి చూసుకునే రకం. డాక్టరు గారు వచ్చి, క్వినైను తాగించి, మంచం పక్కన ముక్కాలిపీట మీద కూర్చున్నారు.

"జ్వరం మూడు రోజుల్లో దిగుతుంది. మీ భయం సంగతి చెప్పండి. అది ఎప్పట్నుంచి?" అన్నారు.

దగ్గు ఎప్పట్నుంచి అని అడిగినట్టే అడిగారు. నాకు ఒళ్ళు మండింది. "నాకు భయమేమిటండీ?" అన్నాను.

"మరి ఆ చెయ్యి?"

చూసుకుంటే నా కుడిచేతి వేళ్ళు ఎడమ మణికట్టు మీద ఉన్నాయి. నేను సిగ్గుపడి తీసేశాను. ఆయన నవ్వలేదు. ఆరోజు ఆయన అన్న మాట నాకు ఇప్పటికీ ఏదో ఒక పూట గుర్తొస్తుంది. "భయానికి కుర్చీ వేసి కూర్చోబెట్టండి పంతులు గారూ. నిలబెట్టి ఉంచితే ఇల్లంతా తిరుగుతుంది."

పొడుగాటి మనిషి. దోమలకు జడిసి పంట్లాం మీదికి మేజోళ్ళు లాగి కట్టేవారు. చుట్టూ కాఫీ తోటలున్నా కాఫీ ముట్టేవారు కారు, కొండవాళ్ళతో పాటు ఆకుదొప్పలో రాగి అంబలి తాగేవారు. చొక్కా జేబులో ఎప్పుడూ నాలుగు లవంగాలుండేవి. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే మొహం చూడకుండా చేతులు చూసేవారు. ఆయన్ని శిక్షగా ఏజెన్సీకి తోలేశారని కోటలో, అదే శృంగవరపుకోటలో, చెప్పుకునేవాళ్ళు. ఒకసారి ధైర్యం చేసి అడిగాను. "శిక్షేనండి, మొదటి ఏడు. తరవాతిదంతా నా సరదా" అన్నారు.

కలకత్తాలో ఆయనతో చదువుకున్న స్నేహితుడొకడు ఉండేవాడు. మూణ్ణెల్లకో నాలుగు నెల్లకో అతని దగ్గర నుంచి టపాలో పుస్తకాల కట్ట వచ్చేది. వియన్నా అనే పట్నంలో ఒక వైద్యుడు కనిపెట్టిన మనసు శాస్త్రమట. మనిషి మనసులో తనకే తెలియని భాగం ఒకటుందట. పైకి చెప్పుకోలేక అణిచేసుకున్న కోరికలూ కోపాలూ అందులోకి చేరి, చేరినవి ఊరుకోక, లోపల్నుంచి తోస్తూనే ఉంటాయట. దారి దొరక్కపోతే కలలోనో, మతిమరుపులోనో, నోరు జారడంలోనో, ఒక్కోసారి రోగంగానో బయటికొస్తాయట. ఆయన ఇదంతా లవంగం నములుతూ చెబుతుంటే నాకు ఊపిరాడేది కాదు. బయట ఉన్న పులులూ పాములూ దోమలూ చాలక, లోపల కూడా ఒకటి ఉందని చెప్తే నాలాంటివాడు ఏమైపోవాలి?

ఆ తెలియని భాగానికి తెలుగులో ఏ మాట వాడాలన్న దాని మీద మేమిద్దరం నెలరోజులు తగువులాడుకున్నాం. ఆయన అచేతనం అన్నారు. నేను ఒప్పుకోలేదు. భాష నా పొలం, అందులోకి ఎవరొచ్చినా ఊరుకోను. "అచేతనం అంటే చలనం లేనిదండీ, రాయీ రప్పా. మీరు చెప్పేదేమో క్షణం ఊరుకోనిది. దానికి ఆ పేరెలా కుదురుతుంది?" అన్నాను. ఆయనకు జవాబు దొరకలేదు. తనకు జవాబు దొరకనప్పుడు సంతోషపడే మనిషిని నేను ఆయన్నొక్కణ్ణే చూశాను.

తగువు తీర్చింది ఆసుపత్రి ఊడ్చే ముసలమ్మ. ఆ ఊరి కొండమనిషి. దిగువ తెలుగూ కొండ భాషా రెండూ వచ్చు కనక రోగులకూ డాక్టరు గారికీ మధ్య మాట చేరవేసేది. కోడలితో ఆవిడకు పడదు. ఒకరోజు కోడలు కొత్తగా కొని తెచ్చిన నీళ్ళకుండ, ఆసుపత్రి వసారాలో ఆవిడ చేతిలో భళ్ళున పగిలింది.

"ఎలా పగిలిందే?" అన్నారు డాక్టరు గారు.

"నాను కాదు బాబూ. లోపలోడు తోసినాడు."

డాక్టరు గారు చేతిలో ఉన్న సీసా బల్ల మీద పెట్టేశారు. "ఎవడు తోశాడూ?"

"లోపలోడు. అందరికీ ఉంటాడు గదా. నీకు లేడేటి?"

ఆయన ఆ రోజంతా నవ్వుకుంటూనే ఉన్నారు. అప్పట్నుంచి మా ఇద్దరి మధ్యా అచేతనం మాట మళ్ళీ రాలేదు. లోపలివాడు, వాడి తోపు, అంతే. అంతదూరం నుంచి పుస్తకాలు తెప్పించుకుని చదువుతున్నది ముసలమ్మకు ముందే తెలుసని ఆయన పదిమందికి చెప్పి మురిసిపోయారు.

తప్పుల పుస్తకం సంగతి చెప్పాలి. నల్లగుడ్డ బైండు. ఎవరైనా మాట తడబడితే, ఒకటనబోయి ఒకటంటే, ఆయన చూపుడువేలు నిటారుగా లేచేది. "ఆఁ, ఒక్కమాటు ఆగండి" అని, ఆ మాటను అలాగే పుస్తకంలో రాసేవారు. ఆ వేలు చూస్తే నాకు వణుకు. నా తప్పులు అందులో ఎన్ని ఉన్నాయో లెక్క లేదు. బళ్ళో హాజరు పిలిచేటప్పుడు ముఠాదారు గారి అబ్బాయి పేరు వారం రోజులు వరసగా వదిలేశాను. ఆ ముఠాదారంటే నాకు గుండెదడ, ఆయన ఆ చుట్టుపక్కల ఊళ్ళకు పెద్ద. "మీకు ఆ అబ్బాయి అసలు బళ్ళో లేకపోతే బాగుండునని ఉంది" అన్నారు డాక్టరు గారు. నాలుగు రోజులు ఆయనతో మాట్లాడలేదు. అయిదో రోజు ఆయనే వచ్చి, తన తప్పు ఒకటి చదివి వినిపించారు. రోగి పేరు రాయాల్సిన చోట చనిపోయిన తన తల్లి పేరు రాశారట. "ఆవిడ జబ్బుపడ్డప్పుడు నేను వెళ్ళలేదు పంతులు గారూ. సెలవు దొరకలేదని అందరికీ చెప్పాను. సెలవు అడగలేదు" అన్నారు. ఆ పుస్తకంలో నా తప్పులకన్నా ఆయనవే ఎక్కువ ఉన్నాయని నాకు ఆరోజు తెలిసింది.

ఒక మనిషి చెయ్యి గురించి కూడా చెప్పాలి. కాఫీ తోటలో కూలి. కుడిచెయ్యి భుజం నుంచి వేలాడిపోయి, ఎత్తమంటే ఎత్తలేకపోయేవాడు. ఎముక చెడలేదు, నరం చెడలేదు. ఊళ్ళో దిసారి, అంటే మంచిరోజులూ దేవతల కోపాలూ చెప్పే పెద్ద, కోడిని కోయించాడు, లాభం లేకపోయింది. మేస్త్రీ ఒకడు అతన్ని పెళ్ళాం ఎదుట చెంప మీద కొట్టాడనీ, ఇతను చెయ్యెత్తబోయి దించేసుకున్నాడనీ, ఆ దించిన చెయ్యి మళ్ళీ లేవలేదనీ నాలుగు సంతరోజులు కూర్చోబెట్టి మాట్లాడించాక గాని డాక్టరు గారికి తెలియలేదు. అయిదో సంతనాడు కలలు అడిగారు. అతను తల వంచుకుని కొండ భాషలో చాలాసేపు చెప్పాడు. ముసలమ్మ విని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏం చెప్పాడే?"

"నీకు సెప్పకూడదు బాబూ. దిగువోలకి సెప్పే కల కాదు."

డాక్టరు గారు వెంటనే "అయితే చెప్పకు. నీకు చెప్పుకుంటే చాలు. మళ్ళీ చెప్పమను, నువ్వు విను" అని కుర్చీ వెనక్కి జరుపుకున్నారు.  ఆ కలలో గొడ్డలి ఉందని అతని ఎడమచెయ్యి గాలిలో వేసిన దెబ్బే చెప్పింది. రేపు కుడిచెయ్యి వచ్చి, ఆ మేస్త్రీ చచ్చి, పోలీసులు కొండెక్కితే? ఈ మాట డాక్టరు గారితోనే అన్నాను.

"కోరిక వేరు, గొడ్డలి వేరు పంతులు గారూ. లోపలివాడి మాట ఎవరైనా వింటే, చాలామాట్లు వాడు మాటతోనే సరిపెట్టుకుంటాడు."

"చాలామాట్లేనా?"

"ప్రతిమాటూ అని నేను అబద్ధం ఆడలేను" అన్నారు.

ఆ మేస్త్రీ బతికే ఉన్నాడు. కూలి మనిషి ఆ తోటకు మళ్ళీ పోలేదు. చైత్రమాసం పండగలో అతను తుడుం వాయిస్తుంటే చూశాం. ఎడమచెయ్యి జోరుగా పడుతోంది, కుడిచెయ్యి మెల్లగా, ఛాతీ దాకా లేచి పడుతోంది. పూర్తిగా బాగయిందని డాక్టరు గారు ఎప్పుడూ చెప్పుకోలేదు. "ఛాతీ దాకా వచ్చింది" అనేవారు, అంతే.

ఇక అసలు మాట. సాయంత్రం బడి విడిచాక నేను ఆసుపత్రి వసారాలో కూర్చుని, చీకటి పడకముందే లేచి, "వెళ్ళొస్తానండి" అనేవాణ్ణి. ఒకరోజు ఆయన నన్ను ఆపి అడిగారు.

"మనం వెళ్తాను అనమెందుకండీ? ఎదురిల్లే అయినా వెళ్ళొస్తాను అంటాం."

"అశుభం కనక."

"అశుభమే. కాని చూడండి, కత్తిని పసివాడికి అందకుండా ఎందుకు దాస్తాం? వాడికి దాని మీద మనసుంది కనక. ఎవరికీ మనసు లేనిదానికి ఇంత కాపలా అక్కర్లేదు. వదిలేసి పోవాలని ప్రతివాడి లోపలివాడికీ ఉంటుంది. అందుకే ప్రతి గుమ్మం దగ్గరా నిలబెట్టి, వస్తానని ఒట్టు వేయించుకుంటాం."

"చావింటి నుంచి లేచేటప్పుడు మాత్రం ఆ మాట అనకూడదు కదండీ" అన్నాను.

"అక్కడికి మళ్ళీ రావాలని ఎవరికుంటుంది?" అని నవ్వారు. నేనూ నవ్వాను. 

ఈ ఏడు వానలు తగ్గగానే ఆయనకు జ్వరం వచ్చింది. ఎన్నిసార్లు వచ్చిందో, ఆయన లెక్కపెట్టేవారు కారు. అదే సమయానికి కోటలో పుట్టింట ఉన్న మా ఆవిడకు నెలలు నిండాయి. ఆయన్ని ఆ స్థితిలో వదిలి వెళ్ళడమెలాగని నేను వెనకాడుతున్నాను. అలాగని చెప్పుకున్నాను గాని, ఆయన పక్కన కూర్చోవడానికీ భయంగానే ఉండేది. పసుపుపచ్చగా మారిన ఆ కళ్ళు చూస్తే, నా ముందు పంతులు పోయిన మంచం గుర్తొచ్చేది. ఒక పొద్దున్న నన్ను పిలిపించారు. వసారాలో కుర్చీలో, కంబళి కప్పుకుని కూర్చుని ఉన్నారు.

"క్వినైను నిండుకుంది పంతులు గారూ. టపా మీద నమ్మకం లేదు. కోట వెళ్ళి మీరే తేవాలి. పురుడూ చూసుకున్నట్టుంటుంది."

"ఎనిమిది రోజుల్లో తెస్తాను" అన్నాను. బండి సిద్ధంగా ఉంది. లేచి, ఉత్తరీయం సర్దుకుని, నోరు తెరిచి అన్నాను: "వెళ్తానండి."

కంబళిలోంచి ఆ చూపుడువేలు మెల్లగా పైకి లేచింది.

"వెళ్ళొస్తాననే అన్నానండీ" అన్నాను, మొహం వేడెక్కిపోతుంటే.

ఆయన వేలు దించేసి, "సరే, వెళ్ళండి. ఎండ ముదరకముందే అనంతగిరి దాటేయండి" అన్నారు. గేటు దగ్గర చీపురుతో నిలబడ్డ ముసలమ్మ, "బేగి ఎల్లిరా బాబూ" అంది. బండి మలుపు తిరిగేదాకా నేను వెనక్కి చూడలేదు. పుస్తకంలో రాసుకుంటూ ఉంటారని, అది చూడలేక.

కోట చేరిన మర్నాడే అమ్మాయి పుట్టింది. నాలుగో రోజుకల్లా క్వినైను పెట్టె చేతికొచ్చింది. ఎనిమిదో రోజుకు నేను కొండ మీద ఉండాలి. తొమ్మిదో రోజున, పురుడు వెళ్ళాకే పోదాంలే అనుకున్నాను. పురుడు వెళ్ళాక బండివాడితో మాట్లాడి, రమ్మన్న రోజు తప్పు చెప్పాను. వాడు వచ్చి చూసి పోయాడు. ఇంకో బండి కుదిరిన రోజున చెప్పు తెగింది, చెప్పు తెగిందని ఆగిపోయాను. చెప్పులు లేకుండా పుట్టి పెరిగినవాణ్ణి! మూట కట్టడం, విప్పడం. ఆయన దగ్గర చదువుకున్నవాణ్ణి కనక, చేస్తున్నదేమిటో నాకు తెలుస్తూనే ఉంది. తెలిసీ ఆపలేకపోయాను. పొద్దున్న లేస్తే నాడి పట్టుకుని చూసుకోవడం, వాయవ్యంగా కనిపించే కొండల వైపు వీపు పెట్టి కూర్చోవడం. ఇలా పంతొమ్మిది రోజులు. అప్పుడు కాంపౌండరు వచ్చాడు, నేను "అమ్మయ్య" అన్నాను.

ఎవరన్నారు ఆ మాట? ఇక ఆ కొండెక్కనక్కర్లేదని లోపల ఎవడో ఊపిరి పీల్చుకున్నాడు. నేను వెళ్ళి ఉంటే, ఆ మందు చేరి ఉంటే ఆయన బతికేవారా? అన్నం ముందు కూర్చుంటే ఇదే, పసిదాన్ని ఒళ్ళోకి తీసుకుంటే ఇదే. కబురొచ్చిన నాలుగో రోజున మా ఆవిడే క్వినైను పెట్టె మంచం కిందనుంచి లాగి గుమ్మంలో పెట్టింది.

"నాకు భయమేస్తంది, మీకూ భయమేస్తంది. కాని ఆ మందు అక్కడి పిల్లలది గదండీ" అంది.

వెళ్ళాను. మైనపు గుడ్డ పొట్లం ఒళ్ళో పెట్టుకుని ఘాటీ అంతా ఎక్కాను గాని విప్పలేదు. అందులో చివరి పేజీలో నా "వెళ్తాను" ఉంటుంది. దాని కింద ఆయన ఏమని రాసి ఉంటారు? పంతులు రాడు అనా? రావాలని లేదు అనా? ఏది రాసినా నిజమే కనక, చదవడానికి చేతులు రాలేదు.

ఆసుపత్రిలో క్వినైను పెట్టె దించుతుంటే, నాకన్నా ముందే కొండెక్కి వచ్చిన కాంపౌండరు మెల్లగా చెప్పాడు. డాక్టరు గారికి వచ్చింది మూత్రం నల్లగా పడే జ్వరమట. దానికి క్వినైను పనికిరాదు, ఇస్తే ఇంకా చేటట. "ఆ సంగతి నాకు నేర్పిందే ఆయనండి" అన్నాడు. నాకు ఊరట కలగాలి. కలగలేదు. మందు లేకపోయినా మనిషి పక్కన ఉండాలి కదా.

ముసలమ్మ నన్ను వాగు పక్క మెరకకు తీసుకెళ్ళింది. ఆయన్ని అక్కడే దహనం చేశారు. తమ వాళ్ళు పోతే కొండవాళ్ళు రాయి నిలబెడతారు. ఆయనకూ అలాగే ఒకటి నిలబెట్టారు, సన్నగా, పొడుగ్గా, నడుమెత్తున. ఆ రాయిని మోసుకొచ్చినవాళ్ళలో తుడుం వాయించిన మనిషి కూడా ఉన్నాడట. "రెండు సేతులా పట్టినాడు" అంది ముసలమ్మ. మధ్యాహ్నపు ఎండలో ఆ రాయి ముందు కూర్చుని, ఇక తప్పించుకునే చోటు లేక, పొట్లం విప్పాను.

చివరి పేజీలో అక్షరాలు వంకరగా, పెద్దవిగా ఉన్నాయి. ఉన్నది ఉన్నట్టు ఇక్కడ రాస్తున్నాను.

"ఇవాళ పొద్దున్న మూత్రం రంగు చూశాను. ఏ జ్వరమో తెలిసింది. పంతులు గారు వెళ్తానన్నారు. ఆయన తప్పు రాశాను, పక్కనే నాది రాయకపోతే అన్యాయం. నేను వెళ్ళండి అన్నాను. వెళ్ళిరండి అనలేదు. ముసలమ్మ ఎల్లిరా అన్నాక గాని అది నాకు తట్టలేదు. క్వినైను కోసమే పంపుతున్నాననుకున్నాను. బీరువాలో రెండు సీసాలు నిండుగా ఉన్న సంగతి బండి మలుపు తిరిగాక గుర్తొచ్చింది. అంత భయస్తుడు ఈ చావు దగ్గరుండి చూడకూడదని నా లోపలివాడు కోరుకున్నట్టున్నాడు. నన్ను అడగలేదు."

కొంచెం జాగా వదిలి, కింద ఇంకొక్క ముక్క ఉంది.

"ఆయన వస్తే బాగుండును. ఈ మాట లోపలివాడిది కాదు. నాది."

నాకు ఏడుపు ఆగలేదు. వెళ్ళండి అన్న మాట నా చెవులారా విన్నాను. నా తప్పు వెతుక్కోవడంలో పడి ఆయన తప్పు వినలేదు. ఆయన నన్ను వదిలేశారు, నాకోసం ఎదురూ చూశారు. రెండూ నిజమే. నేను భయపడి ఆగిపోయాను, అదీ నిజమే. ఒకదాన్ని ఇంకొకటి కొట్టేయదు.  ముసలమ్మ వాగులో కాళ్ళు కడుక్కుని వచ్చింది.

మధ్యాహ్నం బడి తెరిచే వేళవుతోందని లేచాను. పుస్తకం మూసి, ఉత్తరీయం దులుపుకుని, ఎప్పుడూ వసారా దిగేటప్పుడు అన్నట్టే అనేశాను.

"వెళ్ళొస్తానండి."

ముసలమ్మ చప్పున నోటి మీద చెయ్యేసుకుంది. "అదేటి బాబూ! ఈ సోట ఆ మాట అనకూడదు గదా!"

అనకూడదని నాకూ తెలుసు. నేను వెనక్కి తిరిగి చూశాను. ఆ రాయి ఎండలో, నా వైపు చూపుడువేలు ఎత్తినట్టు నిటారుగా నిలబడి ఉంది.